కలగూరగంప క్లాసుకు వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఐదో సంవత్సరం చదువుతున్నాను. మా క్లర్క్‌షిప్, అంటే వార్డుల్లో శిక్షణ, ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో. ఈ ఏడాది నుంచి అక్కడ ప్రతి బుధవారం మధ్యాహ్నం ‘ఐపీఈ’ అని ఒక క్లాసు పెట్టారు. ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అట. ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, మేము అందరం కలిసి నేర్చుకోవాలట. నూట నలభై మందిమి ఒకే లెక్చర్ హాల్లో కూర్చుంటాం. ముందు వరసలు ఎంబీబీఎస్ వాళ్లవి, మధ్యలో మేము, వెనక నర్సింగ్ అమ్మాయిలు, గోడ పక్కన ఫిజియో వాళ్లు. ఒక సార్ వచ్చి గంటన్నర స్లైడ్లు చూపించి వెళ్లిపోతారు. మా వాళ్లు దీనికి ‘కలగూరగంప క్లాసు’ అని పేరు పెట్టారు.

ఇంకో సంగతి. రెండు నెలల కిందట మెడిసిన్ వార్డులో రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న పేషెంటుకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ రెండూ కలిస్తే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. హౌస్ సర్జన్‌కి చెప్పాను. “మీరు వచ్చింది నేర్చుకోవడానికి కదా, నోట్స్ రాసుకోండి” అన్నారు. పక్కనున్న సిస్టర్ నవ్వింది. మర్నాడు రౌండ్స్‌లో చీఫ్ గారే చూసి ఆ మందు మార్పించారు. నేను ముందే చెప్పానన్నది ఎవరికీ గుర్తు లేదు. అప్పటి నుంచి వార్డులో నోరు విప్పాలంటే టెన్షన్. ఇలాంటివాళ్ల పక్కన కూర్చుని నేనేం నేర్చుకోవాలి? బుధవారాలు మానేసి ఆ టైములో పరీక్షలకు చదువుకుంటే తప్పా? చివరగా ఒక చిన్న డౌటు. బ్యాడ్జి మీద పేరు ముందు ‘డాక్టర్’ అని వేయించుకుంటే వీళ్లు కాస్త విలువ ఇస్తారా?

(పేరు, ఊరు రాయవద్దని కోరిన విద్యార్థిని)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ నవ్విన సిస్టర్ మీద కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే, ఆ నవ్వు ఒకప్పుడు నేనూ నవ్వే ఉంటాననిపించింది. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో, ఆ తర్వాత కొన్నేళ్లు నర్సింగ్ కాలేజీలో పనిచేసినదాన్ని. కొత్త తెల్లకోటు, చేతిలో ఫైలు, మెడలో ఇంకా మెరుస్తున్న ఐడీ కార్డు, ఇలా వచ్చి మంచం దగ్గర ఎక్కడ నిలబడాలో తెలియక తికమకపడే పిల్లల్ని చూసి మేం నవ్వుకున్న రోజులు ఉన్నాయి. వాళ్లు ఏం చదువుతున్నారో అడిగింది మాత్రం తక్కువ.

ముందు సూటిగా చెప్తాను. క్లాసు మానకు. అలాగని ఆ క్లాసు ఇప్పుడు నడుస్తున్న తీరులో నీకు ఒరిగేది ఏమైనా ఉందా అంటే, నాకైతే కనిపించడం లేదు. ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసినవాళ్లంతా చుట్టాలైపోరు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ చదువు గురించి ఒక పత్రం వేసింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవడం అని అందులో చెప్పారు. పేషెంటుకి మేలు జరగడం కోసం అన్నది దాని చివర ఉంది. మీ హాల్లో జరుగుతున్నది ఈ మూడింటిలో ఆఖరిది మాత్రమే, అదీ కుర్చీల వరకే. గోడ పక్కన కూర్చున్న ఫిజియో అబ్బాయి పొద్దుటి నుంచీ ఏం చేసి వచ్చాడో నీకు తెలియదు, నువ్వేం చేశావో అతనికి తెలియదు. ఇద్దరూ కలిసి స్లైడు చూశారు, అంతే.

ఈ ‘గురించి’, ‘నుంచి’ అన్న రెండు మాటలు ఎంత ఖరీదైనవో నాకు ఒక రాత్రి తెలిసింది. ఎప్పుడో 1980ల నాటి మాట. ఊరు, ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకు. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఆడవాళ్ల మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. షుగరు ఉన్న ఒక పెద్దావిడ, కాలి పుండుతో చేరింది. ఆ రోజుల్లో ప్రతి మంచానికీ గ్లూకోమీటరు ఎక్కడిది? మూత్రంలో బెనెడిక్ట్ ద్రావణం కలిపి కాచి, రంగు చూసి ఇన్సులిన్ లెక్క కట్టేవాళ్లం. నీలంగా ఉంటే చక్కెర లేనట్టు, ఆకుపచ్చ అయితే కొద్దిగా, ఇటుక ఎరుపు తిరిగితే బాగా ఎక్కువ. ఆ రాత్రి పరీక్ష నేనే చేశాను. ఆకుపచ్చ వచ్చింది. కేస్ షీట్ తీసి చూస్తే హౌస్ సర్జన్ 40 అని రాశాడు. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్ల లెక్కన వచ్చేది. అంటే ఒక సిరంజి నిండా. ఆకుపచ్చ రంగుకి సిరంజి నిండా ఇన్సులిన్ ఏమిటని నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

అడగొచ్చు. డ్యూటీ రూము పాతిక అడుగుల దూరంలోనే ఉంది. కానీ అంతకు వారం ముందే ఏదో అడిగితే అతను అందరి ముందూ విసుక్కున్నాడు. పక్క వార్డులో ఉన్న సీనియర్ సిస్టర్‌ని అడిగాను. “రాసింది ఇవ్వు, మనకెందుకు” అంది. ఇచ్చాను. ఒంటిగంట దాటాక చూస్తే ఆవిడ ఒళ్లంతా చెమటతో తడిసిపోయి ఉంది, పిలిస్తే పలకడం లేదు. గ్లూకోజు ఎక్కించాం. తెల్లారేసరికి లేచి కూర్చుని కాఫీ అడిగింది. బతికింది కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

పొద్దున పీజీ వచ్చి కేస్ షీట్ చూసి, “నాలుగు యూనిట్లు కదమ్మా రాసింది” అన్నాడు. నాలుగు పక్కన ఇంగ్లిష్ ‘యు’ అక్షరం. పైన మూతి కలిసిపోయి సున్నాలా ఉంది. నాకు నోట మాట రాలేదు. విషయం అక్కడితో ముగిసింది. ఇప్పుడు అసలు సంగతి విను. తన ‘యు’ సున్నాలా ఉంటుందని ఆ కుర్రాడికి ఎవ్వరూ చెప్పలేదు. పోస్టింగ్ అయ్యేదాకా అలాగే రాస్తూ పోయాడు. మేం సిస్టర్లం మాత్రం డ్యూటీ మారేటప్పుడు “ఆయన సున్నా సున్నా కాదే” అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. మూత్రం రంగు తెలిసినది నేను, డోసు తెలిసినవాడు అతను, పాతిక అడుగుల దూరం దాటలేకపోయాం. జరిగాక కూడా దాటలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. యూనిట్లు అన్న మాటను పూర్తిగా రాయాలి, ఒక్క అక్షరంతో సరిపెట్టకూడదు అనే నియమం ఇప్పుడు దాదాపు ప్రతి మంచి ఆసుపత్రిలోనూ ఉంది. ఆ నియమం వెనక మా వార్డులాంటి వార్డులు చాలానే ఉండి ఉంటాయి.

ఇక నీ వార్ఫరిన్ సంగతి. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అతను అన్న మాట తప్పు. ఆ రెండూ ఒప్పుకున్నాక ఒక ప్రశ్న. అతనికి నువ్వు సరిగ్గా ఏ మాటలతో చెప్పావు? ఉత్తరంలో అది రాయలేదు. నేను చూసిన పిల్లల్లో చాలామంది ఫోనులో యాప్ తెరిచి “సార్, ఇక్కడ ఇంటరాక్షన్ చూపిస్తోంది” అంటారు. ఆ యాప్ ఏ కేస్ షీట్ పెట్టినా పదీ పన్నెండు చూపిస్తుంది, వాటిలో సగం పట్టించుకోనక్కర్లేనివి. ముందు రోజు పొద్దున డ్యూటీ ఎక్కి ఇంకా ఇంటికి వెళ్లని కుర్రాడి చెవికి అది ఇంకో మోత. పైగా నువ్వు ఎవరో, నీ పని ఏమిటో అతనికి తెలియకపోవచ్చు. మన దేశంలో ఫార్మ్.డి మొదలైందే 2008లో. పాత డాక్టర్లలో, మా సిస్టర్లలో కూడా, ఆ కోర్సు పూర్తిచేసినవాళ్లు మందుల షాపు పెట్టుకుంటారనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నీ చదువు ఎందుకోసమో ఒక్క వాక్యంలో చెప్పమంటే నువ్వైనా తడుముకోకుండా చెప్పగలవా? ఒకసారి అద్దం ముందు నిలబడి చెప్పి చూడు.

అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన ఒక మాట తీరును అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రులవాళ్లు వైద్యానికి తెచ్చుకున్నారు. ఎస్‌బార్ అంటారు. మీకూ ఏదో స్లైడులో వచ్చే ఉంటుంది. ఇప్పుడేం జరుగుతోంది, దాని ముందు సంగతి ఏమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేద్దాం. ఈ నాలుగు ముక్కలు ఈ వరసలో అరనిమిషంలో చెప్పాలి. నీ పేషెంటు విషయంలో ఇలా ఉండేది: “సార్, నేను ఫార్మ్.డి విద్యార్థిని, ఈ వార్డులో మందుల చార్టులు చూస్తున్నాను. పదకొండో బెడ్ ఆయనకి ఇవాళ మెట్రోనిడజోల్ మొదలైంది. ఆయన వార్ఫరిన్ మీద ఉన్నారు, నిన్నటి ఐఎన్ఆర్ రెండున్నర. ఇది ఆ వార్ఫరిన్ పనిని పెంచుతుంది, రక్తస్రావం అవుతుందేమోనని నా భయం. వేరే మందు కుదురుతుందా, లేకపోతే త్వరలో ఐఎన్ఆర్ మళ్లీ చూద్దామా?” (బెడ్ నంబరు, ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె, ఈ రెండూ నేను ఊహించి రాసినవే.) ఇక్కడ యాప్ ప్రస్తావన లేదు. పేషెంటు ఉన్నాడు, అంకె ఉంది, అతను అవును కాదు అని చెప్పగల ప్రశ్న ఉంది.

అప్పటికీ కసురుకుంటే? కసురుకోవచ్చు. అమెరికాలో 2006లో టీమ్‌స్టెప్స్ అని ఆసుపత్రి జట్లకు ఒక శిక్షణ తయారుచేశారు. అందులో ఒక నియమం నాకు బాగా నచ్చుతుంది. ప్రమాదం అనిపించిన మాటను ఒకసారి చెప్తే పట్టించుకోకపోతే రెండోసారి చెప్పి తీరాలి. అప్పటికీ కాకపోతే పై మనిషి దగ్గరికి వెళ్లాలి. ఇది చాడీ చెప్పడం కాదు, పద్ధతి. నీకు పై మనిషి అంటే వార్డులో మీకు నేర్పే ప్రిసెప్టర్, లేదా వార్డు పీజీ. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని నువ్వు పూర్తిగా వదిలేశావు. ఆ నవ్విన సిస్టర్. మందు రాసేది ఒకరు, స్టోర్ నుంచి వచ్చేది ఇంకొకరి చేతి మీదుగా, పేషెంటు ఒంట్లోకి వెళ్లేది మాత్రం ఆమె చేత్తో. “సిస్టర్, ఇది ఇచ్చే ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడుగుతారా, వార్ఫరిన్ ఉంది” అంటే, నవ్వే మనిషి కూడా ఆగుతుంది. నేను ఆగి ఉండేదాన్ని. ఆ ఆకుపచ్చ రంగు రాత్రి నా పక్కన మందుల సంగతి తెలిసిన నీలాంటి పిల్ల ఒకతి ఉండి ఉంటే అని చాలాసార్లు అనుకున్నాను.

మీ క్లాసు ఎందుకిలా తయారైందో నాకు కొంత తెలుసు, నిర్వాహకుల మీద మరీ కోపం తెచ్చుకోకు. మన రెండు రాష్ట్రాల్లో ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సులు ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి, విజయవాడలో ఎన్టీఆర్ పేరు మీద ఉన్నది, వరంగల్‌లో కాళోజీ పేరు మీద ఉన్నది. మీ ఫార్మ్.డి మాత్రం జేఎన్టీయూ, కాకతీయ, ఉస్మానియా లాంటివాటి కింద. క్యాలెండర్లు కలవవు. ఒకరికి ఇంటర్నల్స్ ఉన్నప్పుడు ఇంకొకరికి సెలవులు. ఈ నాలుగు కోర్సులవాళ్లనీ వారానికి గంటన్నర ఒకచోట చేర్చడమే పెద్ద గండం. చేర్చాక ఏం చెయ్యాలో ఆలోచించే ఓపిక మిగలదు. అందుకే హాలు, స్లైడ్లు.

స్వీడన్‌లో లింషోపింగ్ అనే ఊళ్లో విశ్వవిద్యాలయం 1986లోనే ఆరోగ్య కోర్సుల విద్యార్థులందరినీ కలిపి చదివించడం మొదలుపెట్టింది. వాళ్లు కూడా మొదట గదుల్లోనే మొదలుపెట్టారు. పదేళ్లకు, 1996లో, ఆసుపత్రిలో ఒక వార్డునే విద్యార్థులకు అప్పగించారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. మెడిసిన్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు జట్టుగా, టీచర్ల కనుసన్నల్లో, నిజమైన పేషెంట్లను చూసుకోవాలి. అక్కడ పక్క సర్దడం, ఒళ్లు తుడవడం లాంటి పనులు కూడా అందరివీ, డాక్టరు కాబోయే అబ్బాయి కూడా చెయ్యాలి. ఇది చదివినప్పుడు నేను మా పాత హౌస్ సర్జన్లందరినీ ఒక్కొక్కరిగా ఊహించుకుని చూసుకున్నాను. చాలా హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి.

కలిపి కూర్చోబెడితే చాలదు అన్నది కొత్త సంగతేమీ కాదు. మనుషుల్లో ఒక వర్గం మీద ఇంకో వర్గానికి ఉండే చిన్నచూపు గురించి గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. ఆ చిన్నచూపు పోవాలంటే వాళ్లు కలుసుకున్నచోట ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే పని ఉండాలి, ఆ పని ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి అవ్వకూడదు, పైవాళ్ల మద్దతు కూడా ఉండాలి అన్నాడు. ఇవి లేకుండా కలిపితే ఉన్న అభిప్రాయాలు ఇంకా గట్టిపడవచ్చు. మీ హాలు చూసుకో. ముందు వరస, వెనక వరస ఉన్నాయి. పని లేదు. నర్సింగ్ అమ్మాయిలు వెనక కూర్చోవడం మళ్లీ మళ్లీ చూసి, వెనక కూర్చోవడమే వాళ్ల పని అని ఒక నమ్మకం కుదురుతోంది. క్లాసు పెట్టింది దీనికి విరుగుడుగా!

కాబట్టి నీకు నేను చెప్పేది ఒక్కటే. మీ మధ్య ఒక పేషెంటుని పెట్టుకోండి. మొత్తం నూట నలభై మందిని మార్చడం నీ వల్ల కాదు. ఆరుగురు చాలు. ఇద్దరు ఎంబీబీఎస్, ఇద్దరు నర్సింగ్, ఒక ఫిజియో, నువ్వు. క్లాసులో నీ పక్కన కాస్త నవ్వుతూ మాట్లాడేవాళ్లెవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. సర్జరీ వార్డులో షుగరు పుండుతో ఉన్న ఒకాయన్ని చూసుకోండి. ఆ కేసు ఏ ఆసుపత్రిలోనైనా, ఏ రోజైనా దొరుకుతుంది, అది మన దురదృష్టం. ఆయన ఒప్పుకుంటే ఒక్కొక్కరు విడివిడిగా పావుగంట ఆయనతో గడిపి రండి. ఎవరూ ఇంకొకరి కేస్ షీటు చూడకూడదు. తర్వాత క్యాంటీన్‌లో కూర్చుని ఎవరేం తెలుసుకున్నారో చెప్పుకోండి.

ఏం జరుగుతుందో నేను చెప్పగలను, ఎందుకంటే మా నర్సింగ్ పిల్లల్ని ఫిజియో వాళ్లతో కలిపి ఇలాగే చేయించాను. ఎంబీబీఎస్ అబ్బాయి రక్తంలో షుగరు, చీము కల్చరు రిపోర్టు, పాదంలో నాడి అందుతోందా లేదా, ఎముకకి పాకిందా అని చెప్తాడు. నర్సింగ్ అమ్మాయి డ్రెస్సింగ్ ఎలా ఉందో చెప్తుంది, దాంతోపాటు ఆయన రాత్రి బాత్‌రూమ్‌కి ఉత్తకాళ్లతో వెళ్తున్నాడని, కట్టు తడుస్తోందని, భార్య ఇంటి నుంచి క్యారియర్‌లో పెట్టె నిండా అన్నం, ఓ చారెడు కూర తెస్తోందని చెప్తుంది. అవి కేస్ షీట్‌లో ఎక్కడా ఉండవు. నువ్వు మందుల గురించి అడిగితే, ‘తల తిరిగితేనే’ షుగరు బిళ్ల వేసుకుంటాడని, కిందటిసారి రాసిన యాంటీబయాటిక్ డబ్బుల్లేక రెండు రోజులకు సరిపడా మాత్రమే కొన్నాడని బయటపడుతుంది. ఎందుకంటే నువ్వు తప్ప ఎవరూ “ఇంట్లో ఎలా వేసుకుంటారు” అని అడగలేదు. ఫిజియో అబ్బాయి ఆ పుండు మానాలంటే దాని మీద బరువు పడకూడదని, ఆయన మడమతో ఎలా నడుస్తున్నాడో చూపిస్తాడు. స్పర్శ లేని పాదానికి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు కావాలంటాడు. అప్పుడు ఎంబీబీఎస్ అమ్మాయి, “గుడికి, పొలానికి చెప్పులు వేసుకోనంటే?” అంటుంది. దానికి మీ ఆరుగురిలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆయన భార్యని అడగాల్సి వస్తుంది.

ఆ తర్వాత ఆరుగురూ కలిసి ఒకే ఒక్క పని చెయ్యండి. డిశ్చార్జ్ రోజు ఆయనకి చెప్పాల్సినవి ఒక అరపేజీలో, తెలుగులో, ఆయన చదవగలిగేలా రాయండి. చదువు రాకపోతే భార్యకి, కొడుక్కి. ఇక్కడే అసలు తగువు మొదలవుతుంది. నీకు మందుల వేళలు ముఖ్యం, ఫిజియోకి చెప్పులు, నర్సుకి డ్రెస్సింగు, డాక్టర్లకి మళ్లీ ఓపీకి ఎప్పుడు రావాలన్నది. అన్నీ రాస్తే రెండు పేజీలవుతుంది, ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఏది వదిలెయ్యాలి? ఎవరు చెప్పాలి? మామూలుగా వార్డులో నలుగురు నాలుగు మాటలు చెప్తారు, పేషెంటు అన్నింటికీ తలూపి వెళ్లిపోతాడు. మీరు ఒకరే చెప్పండి, చెప్పాక ఆయన చేత తిరిగి చెప్పించుకోండి. ఏం చెప్పాడో వినండి. మీ తగువులో ఎవరు గెలిచారో అప్పుడు తెలుస్తుంది, చాలాసార్లు ఎవరూ గెలవరు.

ఇంటికి వెళ్లాక ఆయన పుండు ఎవరు చూస్తారో కూడా ఒకసారి అడగండి. ఊళ్లో ఆశా వర్కరు ఉంటుంది, ఏఎన్ఎం ఉంటుంది. మీ ఆరుగురి జట్టులో వాళ్లు లేరు. వార్డులో ఆయన్ని రోజూ లేపి కూర్చోబెట్టే ఆయా కూడా లేదు. ఆమెకి తెలిసినన్ని సంగతులు మీ అందరికీ కలిపి తెలియవని పందెం కాస్తాను.

ఇది రెండు మూడుసార్లు చేసి చూశాక మీ క్లాసు నడిపే సార్ దగ్గరికి వెళ్లు. ఫిర్యాదులా కాకుండా, ఆ అరపేజీ కాగితం చేతిలో పెట్టి, “సార్, మేం ఇలా చేశాం, బుధవారం క్లాసులో కొన్ని గ్రూపులుగా ఇలా చెయ్యొచ్చా” అని అడుగు. ఎంబీబీఎస్ అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని వెళ్లు. ఇది మనసుకు కష్టంగా ఉన్నా పని జరిగే దారి ఇదే. ఒక చిట్కా కూడా చెప్తాను. 2019 నుంచి వచ్చిన ఎంబీబీఎస్ కొత్త సిలబస్‌లో ప్రవర్తన, నైతికత, మాట తీరుల మీద ఏట్‌కామ్ అని ఒక భాగం ఉంది. అందులో ఆరోగ్య జట్టులో పనిచేయడం అన్నది ఒక పాఠం. వాళ్లకి ఎలాగూ ఆ గంటలు చూపించాలి. సార్‌కి కొత్తగా టైము వెతికే బాధ తప్పుతుంది. గ్రూపు లీడరు ప్రతిసారీ ఎంబీబీఎస్ వాళ్లే కాకుండా మారుతూ ఉండాలని మాత్రం తప్పకుండా అడుగు. మన దేశంలో మణిపాల్ వాళ్లు ఈ చదువు మీద అధ్యాపకులకు ఫెలోషిప్ కూడా నడిపారు. మీ సార్‌కి ఉత్సాహం ఉంటే ఆ దారి చూసుకుంటారు.

ఈ చదువు వల్ల పేషెంట్లకి నిజంగా మేలు జరుగుతుందా అని నువ్వు అడగలేదు, కానీ పరీక్షల చదువు మానుకుని వెళ్లేదానివి కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. 2013లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థవాళ్లు దీని మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పడితే, నిలిచినవి 15 మాత్రమే. అవీ ఎక్కువగా ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల మీద చేసినవి. ఏడింట్లో మేలు కనిపించింది, నాలుగింట్లో కొంత మేలు కొంత లేదు, నాలుగింట్లో ఏమీ లేదు. అంటే గొప్పలు చెప్పుకునేంత లేదు. నాకు దీనికంటే గట్టిగా అనిపించేది ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది, 19 అంశాలు. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ 19లో ఒకటి ఏమిటో తెలుసా? కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని ఏమిటో పైకి చెప్పాలి.

పేరు! మా సర్వీసంతా మమ్మల్ని ‘సిస్టర్’ అనే పిలిచారు. చీఫ్ గారికి నా పేరు తెలుసని నేను రిటైరైన రోజు సన్మానంలోనే తెలిసింది, అదీ కాగితం చూసి చదివారు. నువ్వు కూడా ఉత్తరంలో ‘హౌస్ సర్జన్’, ‘సిస్టర్’ అనే రాశావు. పేర్లు నా కోసం దాచావో, నీకే తెలియవో మరి. తెలియకపోతే రేపు పొద్దున తెలుసుకో. “మీ పేరేంటి సిస్టర్” అని అడిగితే ఆమె మొహం ఎలా మారుతుందో చూడు.

పరీక్షల మాట. వారానికి గంటన్నర. దానికోసం మొత్తం చదువు పాడైపోదు, ఆ మాట నీకూ తెలుసు. పై చదువులకో ఉద్యోగానికో బయటి దేశం ఆలోచన ఉంటే ఇంకోటి గుర్తుపెట్టుకో. అమెరికాలో ఫార్మసీ కాలేజీకి గుర్తింపు రావాలంటే ఈ ఇంటర్‌ప్రొఫెషనల్ చదువు ఉండి తీరాలి. అక్కడి పిల్లలతో పాటు నిలబడినప్పుడు, “మేం ఒకాయన కాలి పుండు మీద ఆరుగురం తగువులాడుకున్నాం” అని చెప్పడానికి నీ దగ్గర ఒక అనుభవమైనా ఉంటుంది.

హౌస్ సర్జన్ విషయం ఇంకా గుచ్చుకుంటూ ఉంటే, అతన్ని ఒకసారి టీ తాగేటప్పుడు పట్టుకుని అడుగు. నిలదీయకు. “ఆ రోజు నేను చెప్పిన తీరు ఎలా ఉంటే మీరు వినేవారు?” అని అడుగు. అతను సిగ్గుపడొచ్చు, గుర్తులేదని అనొచ్చు, మళ్లీ కసరొచ్చు కూడా. మూడూ నీకు పనికొచ్చేవే. ఆ ‘యు’ అక్షరం కుర్రాడిని నేను ఇలా అడిగి ఉంటే బాగుండేదని చెప్పడం నాకు సులువు, అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు.

చివరగా బ్యాడ్జి. ‘డాక్టర్’ అని వేయించుకోవచ్చా లేదా అన్న తగువులో నన్ను దించకు, అది మీ వాళ్లకీ డాక్టర్లకీ ఎప్పట్నుంచో నడుస్తోంది. పైగా నువ్వు ఇంకా ఐదో ఏడే. విలువ సంగతి అటుంచి పేషెంటు సంగతి ఆలోచించు. ఆ అక్షరాలు చూసి ఆయన నిన్ను చీఫ్ అనుకుని ఆపరేషన్ ఎప్పుడని అడిగితే, నువ్వు నిజం చెప్పేసరికి పావుగంట పడుతుంది. నీ పేరు పెద్దక్షరాల్లో, తెలుగులో వేయించు, కింద ‘మందుల నిపుణురాలు (విద్యార్థిని)’ అని. ఎడమ జేబు మీద పెట్టుకోకు, పెన్నులు అడ్డం వస్తాయి.